వసారా తీగకు తేనెపిట్ట గూడు, ఇంట్లో పెళ్లి పనులు

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లెటూరు. ముందు వసారాలో బట్టలు ఆరేసే తీగకు ఒక చిన్న పిట్ట గూడు కట్టింది. మొదట బూజు అనుకుని దులపబోయాను. ఆ పిట్ట వీపు మసక రంగు, పొట్ట లేత పసుపు, ముక్కు సన్నగా వంపు తిరిగి ఉంటుంది. దానితో తిరిగే మరో పిట్ట ఎండలో మెరుస్తూ ఉంటుంది. రెండు రోజులుగా గూటి రంధ్రంలోంచి ముక్కు మాత్రమే కనిపిస్తోంది. పెరట్లో గోరింట పొదలో నల్ల జుట్టు, తోక కింద ఎరుపు ఉన్న పిట్ట వేరే గూడు పెట్టుకుంది. అందులో రెండు గుడ్లు ఉన్న రోజున, సెలవులకు వచ్చిన మా తొమ్మిదేళ్ల మనవడు ఒక గుడ్డును చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాడు. ఆ రోజంతా పిట్ట గుడ్ల మీద కూర్చోలేదు. మనిషి చేయి తగిలితే తల్లి ఇక రాదని మా అత్తగారు బాధపడుతున్నారు. మర్నాటికి మూడో గుడ్డు కనిపించింది. శ్రావణంలో మా చిన్నమ్మాయి పెళ్లి. ఇంకా రెండు నెలలకు పైగా ఉన్నా, రంగులు వేసేవాళ్లు వచ్చే వారమే వస్తామంటున్నారు. వసారా గూడును మామిడి కొమ్మకు మార్చేద్దామని మా వారు అంటున్నారు. మార్చవచ్చా? గూటి దగ్గర నూకలు, నీళ్లు పెట్టవచ్చా? కాకులు, పక్కింటి పిల్లి తిరుగుతున్నాయి, ఏం చేయాలి? మనవడికి రోజూ చూసి రాసుకోవాలని, ఫోన్‌తో ఫొటోలు తీయాలని ఉంది. అది పిట్టలకు ఇబ్బందేమో చెప్పగలరు.

సమాధానం: అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది వసారా గూటి సంగతి కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. దయచేసి ఆ గూడును మార్చకండి. మీ వారి ఆలోచన వెనుక పిట్ట మీద ఉన్న దయ నాకు అర్థమవుతోంది, కానీ పక్షి గుర్తుపెట్టుకునేది గూడు ఉన్న చోటును. తీగ మీది గూడును విప్పి పది గజాల దూరంలో ఉన్న మామిడి కొమ్మకు ఎంత జాగ్రత్తగా కట్టినా, తల్లి తిరిగి వచ్చేది తీగ దగ్గరికే. అక్కడ ఖాళీగా కనిపిస్తే కాసేపు గాలిలో ఆడుతూ వెతికి వెళ్లిపోతుంది, ఇటు మామిడి కొమ్మ మీద గుడ్లు చల్లారిపోతాయి. చట్టం కూడా ఈ విషయంలో పిట్ట పక్షానే ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో అడవి పక్షుల గుడ్లను పాడుచేయడమే కాక, గుడ్లను, గూళ్లను కదిలించడం కూడా చేరి ఉంది. మిమ్మల్ని భయపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. రంగులు వేసేవాళ్లు తొందరపెట్టినప్పుడు వాళ్లకు చెప్పడానికి మీ చేతిలో ఒక గట్టి కారణం ఉండాలని చెబుతున్నాను.

మీరు రాసిన పోలికలను బట్టి అది తేనెపిట్ట. అందులోనూ మగదానికి వీపు ముదురు ఎరుపుగా, పొట్ట పసుపుగా, నెత్తి మీద ఆకుపచ్చ మెరుపు, తోక మొదట్లో ఊదా మెరుపు కనిపిస్తే, మన ఇళ్ల చుట్టూ ఎక్కువగా తిరిగే ఊదా నడుము తేనెపిట్ట అని అనుకోవచ్చు. మగదాని ఒళ్లంతా నల్లగా, నీలంగా మెరుస్తూ ఉంటే అది దానికి దగ్గరి చుట్టమైన మరో తేనెపిట్ట. ఏదైనా గూడు కట్టే తీరు ఇంచుమించు ఒకటే కనుక మీరు చేయవలసిన దానిలో తేడా ఉండదు. ఊదా నడుము తేనెపిట్ట సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. అవి పద్నాలుగు నుంచి పదహారు రోజులలో పిల్లలవుతాయి. పిల్లలు మరో పదిహేడు రోజులకు కాస్త అటూ ఇటూగా గూడు వదులుతాయి. రంధ్రంలోంచి ముక్కు బయటికి కనిపించడం అంటే తల్లి లోపల కూర్చుని గుడ్లను పొదుగుతున్నదని అర్థం. అందుచేత ఆ ముక్కు మొదట కనిపించిన రోజు నుంచి అయిదు వారాలు లెక్క వేసుకోండి. పెళ్లికి రెండు నెలలకు పైగా గడువు ఉన్నదంటే, గదులు, వెనక గోడలు, ప్రహరీ ముందుగా పూర్తి చేయించుకుని, వసారా ఒక్కటి చివరికి వదిలేస్తే మీకూ పిట్టకూ ఇబ్బంది లేకుండా రెండు పనులూ జరుగుతాయి. రంగులు వేసేవాళ్లు ఒకేసారి అంతా ముగించి వెళ్లాలని చూస్తారు. ముందే మాట్లాడుకుని, వసారాకు మరోసారి రావడానికి కూలి ఎంతో తేల్చుకోండి. రంగు డబ్బాల వాసన కన్నా నిచ్చెన వేయడం, గోడలకు ఉప్పు కాగితం పట్టి గీకినప్పుడు లేచే ధూళి, మనుషులు గంటల తరబడి గూటి కిందే నిలబడడం పిట్టకు ఎక్కువ కష్టం.

ఈ అయిదు వారాలూ ఆ తీగ మీద బట్టలు ఆరేయకండి. తడి బట్టల బరువుకు తీగ కిందికి లాగి, తీసినప్పుడు పైకి ఎగిరితే, గుడ్లు లోపల ఒకదానికొకటి తగులుతాయి. రాత్రిళ్లు వసారా దీపం అవసరమైనంత సేపే వేసుకోండి. పెళ్లి సందడికి సీరియల్ బల్బులు ముందుగానే కట్టేసే అలవాటు మన ఊళ్లలో ఉంది, అవి కూడా ఆ మూల కట్టవద్దు.

మీరు బూజు అనుకుని దులపబోయానని రాశారు. ఈ పిట్ట గూడును చూసి అలా అనుకోనివారు అరుదు, ఎందుకంటే అది కట్టేదే సాలెగూడు దారాలతో. ఆడపిట్ట ఒక్కతే కడుతుంది. మగది వచ్చి చూసి పోతుందే తప్ప కట్టడంలో చేయి వేయదు. మొదట తీగ చుట్టూ సాలెదారాలు చుట్టి పట్టు దొరికించుకుంటుంది. ఆ దారాలలోకి ఎండు నార, పీచు దోపుతూ పోయి, చివరికి తాను లోపల దూరి రెక్కలతో, రొమ్ముతో నెట్టి సంచిలా బోలు చేస్తుంది. లోపల మెత్తన కోసం జిల్లేడు దూది లాంటి గింజల నూగు పరుస్తుంది. రంధ్రం పక్కన ఉంటుంది, దాని మీద వాన పడకుండా చిన్న చూరు లాగా ఒక అంచు ముందుకు వస్తుంది. మీరు కొంచెం దూరం నుంచి జాగ్రత్తగా చూస్తే గూటి బయట చెట్టు బెరడు ముక్కలు, గొంగళిపురుగుల రెట్టలు, ఎండిన గింజ పొట్టు అతికించి ఉండడం కనిపిస్తుంది. కింద ఒక చిరిగిన తోకలా చెత్త వేలాడుతూ ఉంటుంది. శత్రువు కంటికి గాలికి పట్టుకున్న చెత్తలా కనబడడమే దానికి రక్ష. అదే వేషం మన బూజుకర్ర ముందు దానికి ప్రమాదమవుతుంది. పండగలకు, పెళ్లిళ్లకు ముందు ఇల్లు దులిపే రోజుల్లో ఎన్ని తేనెపిట్టల గూళ్లు పోతాయో ఎవరూ గమనించరు. కాబట్టి చూరు కింద, తీగల మీద, మనీప్లాంట్ తీగల మధ్య వేలాడే ఏ కుచ్చునైనా దులిపే ముందు పక్క నుంచి ఒకసారి చూడమని ఇంట్లో పనిచేసేవారికి కూడా చెప్పండి.

ఇక పెరట్లోది పిగిలిపిట్ట. కొందరు బుల్‌బుల్ అనే అంటారు. మీ అత్తగారి భయం విషయంలో మీరు, మీ మనవడు ఇద్దరూ ఊరట పొందవచ్చు. మూడో గుడ్డు మర్నాడు కనిపించిందని మీరే రాశారు. అంటే ఆ పిట్ట గూడు వదిలిపెట్టలేదు, వచ్చి తన పని చేసుకుంది. చిన్న పిట్టలు రోజుకు ఒక గుడ్డు చొప్పున, ఎక్కువగా ఉదయం పూట పెడతాయి. పెట్టవలసినవి దాదాపు పూర్తయ్యేదాకా స్థిరంగా పొదగవు. మొదటి గుడ్డు మీదనే కూర్చుంటే అది ముందు పిల్లయి, చివరి గుడ్డు పిల్ల రోజుల తరబడి వెనుకబడిపోతుంది. అన్నీ దగ్గర దగ్గరగా పొదిగితే అన్నీ దగ్గర దగ్గరగా కళ్లు తెరుస్తాయి. పొదగడం మొదలు కాని గుడ్డు కొన్ని రోజులు చల్లగా ఉన్నా చెడదు. అందుచేత రెండు గుడ్లు ఉన్న రోజున తల్లి కనబడకపోవడం మీ మనవడు ముట్టుకున్నందువల్ల కాదు, అది సహజమైన విరామం. గూళ్లు గమనించేవారిలో చాలామంది సరిగ్గా ఈ రోజుల్లోనే తల్లి వదిలేసిందని పొరబడి, గుడ్లను ఇంట్లోకి తెచ్చి దీపం కింద పెట్టి పాడుచేస్తారు.

మనిషి చేయి తగిలిన గుడ్డును, పిల్లను తల్లి ముట్టదన్న నమ్మకం మన దగ్గరే కాదు, ఇంకా చాలా చోట్ల ఉంది. పిట్ట తన పిల్లను వాసన చూసి వెలివేయదు. అయినా పెద్దవాళ్లు ఆ మాట చెప్పి పిల్లల చేతులను గూళ్లకు దూరంగా ఉంచారు, అందువల్ల జరిగిన మేలు తక్కువేమీ కాదు. పిట్ట నిజంగా గూడు వదిలేది పదే పదే బెదిరినప్పుడు. ముఖ్యంగా గూడు కడుతున్న రోజుల్లో, గుడ్లు పెట్టడం మొదలైన కొత్తలో అది తేలికగా వదిలేసి వేరే చోటు చూసుకుంటుంది. పిల్లలు పుట్టి మేత మోయడం మొదలయ్యాక అంత తేలికగా వదలదు. కాబట్టి ముట్టుకోవద్దన్న అత్తగారి మాట అలాగే ఉంచండి, కారణం మాత్రం మనవడికి సరిగ్గా చెప్పండి: గుడ్డు పెంకు పలచన, వేలి ఒత్తిడికే చిట్లుతుంది, నువ్వు వెళ్లిన ప్రతిసారీ తల్లి లేచిపోతుంది, అది లేచిన ప్రతిసారీ గుడ్లు చల్లారతాయి, లేదా జూన్ ఎండకు కాగిపోతాయి.

ఆ ఎండ సంగతి ఫొటోల విషయంలో మరీ ముఖ్యం. గోరింట పొదలో ఫోన్‌కు అడ్డం వస్తున్నాయని రెండు కొమ్మలు వంచి కట్టడం, నాలుగు ఆకులు తుంచడం చాలామంది చేసే పని. ఆ పిట్ట ఆ కొమ్మను ఎంచుకున్నది సరిగ్గా ఆ నీడ కోసం, ఆ మరుగు కోసం. ఒళ్లు మీద ఈక లేని పిల్లలు మధ్యాహ్నపు ఎండలో కాసేపు నేరుగా పడితే బతకవు. పైనుంచి చూసే కాకికి కూడా గూడు తెరిచిపెట్టినట్టు అవుతుంది. నా మాటగా మీ మనవడికి చెప్పండి: గూటిలోకి ఫోన్ పెట్టి తీసే ఫొటో వద్దు, ఫ్లాష్ అసలే వద్దు. మేత తెచ్చే పిట్ట గోరింట కొమ్మ మీద వాలి చుట్టూ చూసే ఫొటో కిటికీ లోంచి తీయవచ్చు. అది బాగుంటుంది కూడా. సీసీ కెమెరా బిగించాలని ఎవరైనా సలహా ఇస్తే, ఈ గూళ్లు ఖాళీ అయ్యాక చూసుకోమనండి. గూడు కట్టుకున్న తరువాత దాని ఎదుట కొత్త వస్తువు తెచ్చిపెట్టకూడదు.

చూడడానికి మీ ఇంటి కిటికీని మించిన చోటు లేదు. గదిలో దీపం తీసేసి, కిటికీకి ఒక అడుగు లోపలికి జరిగి కూర్చుంటే పిట్టకు మీరు కనబడరు. ఎనిమిది రెట్లు పెద్దగా చూపే మామూలు బైనాక్యులర్ దొరికితే వసారా అవతలి గది నుంచే గూటి అంచున ఉన్న బెరడు ముక్కలు కూడా లెక్కపెట్టవచ్చు. కిటికీ లేని వైపు ఎంత దూరంలో నిలబడాలన్నది పిట్టే చెబుతుంది. తల్లి నోట్లో మేత పట్టుకుని పక్క కొమ్మ మీద ఆగిపోయి, గూటికి వెళ్లకుండా అటూ ఇటూ దూకుతున్నదంటే మీరు ఉండవలసిన దానికన్నా దగ్గరగా ఉన్నారు. పిగిలిపిట్ట జుట్టు నిక్కబొడిచి గట్టిగా, తెంపు లేకుండా అరుస్తుంటే కూడా అంతే. వెంటనే వెనక్కి జరగండి. రెండు మూడు నిమిషాలలో అది మేత లోపల పెట్టి వెళితే మీరు నిలబడ్డ చోటు సరైనది. పొద దగ్గరకు వెళ్లక తప్పని రోజు ఉంటే, ఎండ ముదరక ముందు, తల్లి తానుగా మేతకు వెళ్లినప్పుడు, నడుస్తూ దాటిపోతున్నట్టు వెళ్లి ఒక్క చూపు చూసి అవతలి వైపు నుంచి వచ్చేయండి. గుడ్లు పెట్టే రోజుల్లో పొద్దున్నే వెళ్లవద్దు. కాకి దగ్గరలో ఉంటే అసలు వెళ్లవద్దు, ఎందుకంటే మీరు ఎక్కడ వంగి చూశారో అది గుర్తుపెట్టుకుంటుంది.

పిగిలిపిట్ట గుడ్లు దాదాపు పద్నాలుగు రోజులకు పిల్లలవుతాయి. లేత గులాబీ తెలుపు మీద ఎర్రమట్టి రంగు చుక్కలు చల్లినట్టు ఉండే ఆ గుడ్ల నుంచి వచ్చే పిల్లలు పుట్టినప్పుడు కళ్లు మూసుకుని, ఒళ్లంతా నగ్నంగా ఉంటాయి. గూడు అంచు మీద చిన్న కదలిక తగిలితే చాలు, మెడలు నిక్కి నోళ్లు తెరుస్తాయి. కొద్ది రోజులకు కళ్లు విప్పుతాయి, రెక్కల మీద ముళ్లలా ఈకల గొట్టాలు మొలుస్తాయి. పన్నెండు రోజులు అటూ ఇటూగా గూడు దిగిపోతాయి. ఈ చివరి మూడు నాలుగు రోజులు మాత్రం ఎవరూ పొద దగ్గరకు పోకూడదు. సగం ఎదిగిన పిల్లలు బెదిరితే ఎగరలేకపోయినా గూటిలోంచి దూకేస్తాయి, మళ్లీ లోపల పెట్టినా నిలవవు.

మేత మోసే ఈ పన్నెండు రోజులే గమనించడానికి అన్నిటికన్నా సారవంతమైన కాలం. పొద్దున ఒక అరగంట, సాయంత్రం ఒక అరగంట కిటికీలో కూర్చుంటే చాలు. పిగిలిపిట్టకు పండ్లు ఇష్టమని మనందరికీ తెలుసు. అది పిల్లలకు తెచ్చేదానిలో మొదటి రోజుల్లో పురుగులే ఎక్కువగా ఉండడం మీ మనవడు చూస్తాడు. తేనెపిట్ట కూడా పిల్లలను తేనెతో పెంచదు, సాలీళ్లను, చిన్న చిన్న పురుగులను పట్టి తెస్తుంది. ఇరవై రోజుల లోపు ఒళ్లంతా ఈకలు పెంచుకోవాలంటే మాంసకృత్తులు కావాలి, అవి తేనెలో ఉండవు. మేత పెట్టిన తరువాత తల్లి వెంటనే వెళ్లిపోకుండా ఒక్క క్షణం వంగి ఆగడం గమనించమనండి. పిల్ల వెనక్కి తిరిగి తోక పైకెత్తి, పలచటి పొరలో చుట్టిన తెల్లని ముద్దగా రెట్ట వేస్తుంది. తల్లి ఆ ముద్దను ముక్కుతో అందుకుని దూరంగా తీసుకుపోయి పారేస్తుంది, పిల్లలు మరీ చిన్నవిగా ఉన్నప్పుడు ఒక్కోసారి తానే మింగేస్తుంది. దీనివల్ల గూడు శుభ్రంగా ఉంటుంది, వాసన, కింద పడిన తెల్లటి మరకలు శత్రువుకు ఆనవాలు ఇవ్వకుండా ఉంటాయి. మేతతో రాక, తెల్ల ముద్దతో పోక: ఈ రెండూ చూసిన పిల్లవాడు ఇక గూటిలో చేయి పెట్టాలని అనుకోడని నేను నమ్ముతాను.

నూకల గురించి అడిగారు. ఈ రెండు పిట్టలూ గింజలు తినవు, వాటి పిల్లలకు అవి అసలు పనికిరావు. గూటి దగ్గర నూకలు చల్లితే వచ్చేవి కాకులు, పావురాలు, ఉడుతలు, వాటి వెనుక పిల్లి. పిచ్చుకల కోసం చూరుకు వరి కంకుల కుచ్చులు కట్టే అలవాటు మీ గోదావరి జిల్లాల్లో ఉన్నది, అది మంచి అలవాటు, తప్పక కట్టండి, కానీ గూళ్లు లేని వైపు కట్టండి. పిచ్చుక కూడా గింజలు తాను తిని, పిల్లలకు మెత్తని పురుగులే తెస్తుంది. నీళ్లు మాత్రం ఈ ఎండల్లో ఎంతో అవసరం. వెడల్పాటి మట్టి మూకుడులో రెండు వేళ్ల లోతుకు మించకుండా పోసి, పిల్లి పొంచి ఉండే పొదలకు ఎడంగా, గూళ్లకు దూరంగా పెట్టి, దోమలు గుడ్లు పెట్టకుండా రోజూ మార్చండి. మీరు ఆ పిట్టలకు చేయగల అసలు సాయం పురుగుమందు ఆపడమే. గోరింటకు, మందారకు, కూరపాదులకు ఈ నెల రోజులు ఏ మందూ కొట్టవద్దు. మందు తగిలిన పురుగు చావక ముందే పిట్ట నోటికి చిక్కితే అది నేరుగా పిల్ల కడుపులోకి పోతుంది. పెరటి చెట్ల మీది సాలెగూళ్లను కూడా కొన్ని ఉండనివ్వండి.

పక్కింటివారి పిల్లి విషయంలో మొహమాటపడకుండా వారితో మాట్లాడండి. పిల్లలు గూడు దిగే నాలుగైదు రోజులు పొద్దున, సాయంత్రం ఇంట్లో కట్టిపెట్టమంటే చాలామంది ఒప్పుకుంటారు. కాకి సంగతి వేరు. కాకి, జెముడుకాకి, తొండ, ఉడుత, జెర్రిపోతు వంటివి గుడ్లను, పిల్లలను తింటాయి, వాటికీ పిల్లలుంటాయి. మీ కళ్ల ముందు కాకి వాలితే చప్పట్లు కొట్టి తోలడంలో తప్పులేదు, కానీ రాళ్లు రువ్వడం, జెర్రిపోతును చంపడం, గూటి చుట్టూ వల కట్టడం వద్దు. వలలో తల్లే చిక్కుకోవచ్చు. ఒక గూడు పోతే మీరు, మీ మనవడు చాలా బాధపడతారు. చిన్న పిట్టల గూళ్లలో చాలా వాటికి ఆ గతి పడుతుంది, అందుకే అవి ఒక గూడు పోయినా కొద్ది రోజులలోనే మరో చోట కొత్తది మొదలుపెడతాయి. ఆ మాట అతనికి ముందే చెప్పి ఉంచడం మంచిది.

పిల్ల కింద పడితే ఏం చేయాలో మీరు అడగలేదు గానీ, ఆ అవసరం రాక మానదు కనుక చెబుతాను. ఒళ్లు మీద ఈకలు లేని పిల్ల కింద పడి ఉంటే మెల్లగా రెండు వేళ్లతో ఎత్తి గూటిలో పెట్టేయండి, తల్లి స్వీకరిస్తుంది. గూడే చిరిగి పడిపోతే, అడుగున నాలుగు చిల్లులు పెట్టిన కొబ్బరి చిప్పలో గానీ చిన్న వెదురు బుట్టలో గానీ ఎండుగడ్డి వేసి, గూడు ఉన్న చోటే, లేదా అంతకు ఎంతో దగ్గరగా, నీడలో కట్టి, పిల్లను అందులో ఉంచి దూరం నుంచి గంట రెండు గంటలు చూడండి. ఒంటి నిండా ఈకలుండి, తోక పొట్టిగా ఉండి, నేల మీద గెంతుతున్న పిల్ల మాత్రం పడిపోయినది కాదు, గూడు దిగినది. పిగిలిపిట్ట పిల్లలు సరిగా ఎగరడం రాకముందే దిగి, కొన్ని రోజులు పొదల్లో గెంతుతూ పెద్దవాటి చేత మేత తింటాయి. అటువంటి దానిని ఇంట్లోకి తీసుకుపోవడం తల్లి దగ్గర నుంచి ఎత్తుకుపోవడమే అవుతుంది. పిల్లి, కుక్క తిరుగుతుంటే పక్కనే ఉన్న గుబురు కొమ్మ మీద పెట్టి వచ్చేయండి. ఏ పిల్లకైనా పాలు, అన్నం మెతుకులు పెట్టకండి, నోట్లో నీళ్లు పోయకండి. పక్షి ఊపిరిగొట్టం నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది, పోసిన నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దెబ్బ తగిలిన పిల్ల అయితే చిల్లులున్న అట్టపెట్టెలో, చీకటిగా, వెచ్చగా ఉంచి పశువైద్యుడినో అటవీ శాఖవారినో అడగండి.

మీ మనవడు రాసుకోవాలనుకోవడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. పక్షుల గురించి మన దేశంలో తెలిసినదానిలో గొప్ప భాగం ఇలా ఒక చోట ఓపికగా కూర్చుని, చూసినది చూసినట్టు రాసుకున్నవారి వల్ల తెలిసినదే. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1930లో మహారాష్ట్ర తీరంలోని కిహిమ్‌లో తన ఇంటికి దగ్గరలో ఉన్న గిజిగాడి గూళ్లను రోజూ గమనించి, మగ గిజిగాడు గూడు సగం అల్లి ఆగుతుందని, ఆడది వచ్చి చూసి నచ్చితే జత కట్టి లోపల చేరుతుందని, ఆ తరువాత మగది మరో గూడు మొదలుపెట్టి మరో ఆడదాని కోసం చూస్తుందని వెల్లడించాడు. ఎందరో ఏళ్ల తరబడి చూస్తూ వచ్చిన పిట్ట అది. తేదీ వేసి, ఏ గూటి దగ్గర ఏం జరిగిందో విడివిడిగా రాసుకోవడం వల్లనే ఆ సంగతి బయటపడింది. ఆ తరువాత 1931-32లో ఆయనే అప్పటి హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే చేశాడు. మనింటి పిట్ట మామూలుది కదా, రాయడానికేముందని మీ మనవడు అనుకోనవసరం లేదు.

పుస్తకంలో రెండు గూళ్లకు రెండు వేరు వేరు భాగాలు పెట్టించండి. ప్రతిసారీ తేదీ, టైము, ఎండా వానా, ఎక్కడ కూర్చుని చూశాడు అన్నవి ముందు రాయాలి. ఆ తరువాత చూసినది మాత్రమే రాయాలి. ‘తల్లికి కోపం వచ్చింది’ అని కాక ‘జుట్టు నిక్కబొడిచి ఏడుసార్లు అరిచింది’ అని రాయడం నేర్పండి. తల్లి పొదుగుతున్నప్పుడు ఎంతసేపు కూర్చుంది, ఎంతసేపు బయట ఉంది, పిల్లలు పుట్టాక అరగంటలో ఎన్నిసార్లు మేత వచ్చింది, అది గొంగళా, సాలీడా, పండా, ఎవరు తెచ్చారు, ఇవి చాలు. పిగిలిపిట్టలో ఆడా మగా ఒకేలా ఉంటాయి కనుక ఎవరు తెచ్చారన్నది తెలియదు, అక్కడ ‘తెలియలేదు’ అనే రాయాలి. తేనెపిట్టలో రంగును బట్టి తెలుస్తుంది. గూడు కట్టడంలో కనబడని తండ్రి మేత మోయడంలో ఎంతవరకు పాలుపంచుకుంటున్నాడో అతను రోజురోజుకూ లెక్క తేల్చవచ్చు. చూడని రోజున ‘ఈ రోజు చూడలేదు’ అని రాయాలి, ఊహించి నింపకూడదు. బడి తెరిచాక అతను వెళ్లిపోతే ఆ పుస్తకం మీ అత్తగారికి అప్పగించండి. వసారాలో కూర్చునే వారికి పిట్ట అలవాటు పడుతుంది, ఆవిడ చూసినంత ఎవరూ చూడలేరు. కాస్త పెద్దయ్యాక అతను ఆ వివరాలను పక్షులను చూసినవారు తమ వివరాలు చేర్చే కార్నెల్ విశ్వవిద్యాలయం వారి వెబ్‌సైట్ ‘ఈబర్డ్’లో నమోదు చేయవచ్చు. అందులో గూడు కట్టడం, పిల్లలకు మేత మోయడం వంటివి సూచించే గుర్తులు కూడా ఉన్నాయి.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు, శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురంలో అవే కొంగలు ఏటా వచ్చి ఇళ్ల మధ్యనున్న చెట్ల మీద గూళ్లు పెడతాయి. రెట్టల కంపు, పిల్లల అరుపులు భరిస్తూ ఆ ఊళ్లవారు తరతరాలుగా వాటిని తమ ఆడపిల్లల్లా చూసుకుంటున్నారు. మీ పెళ్లివారు వసారా రంగు ఇంకా ఎందుకు వేయలేదని అడిగితే ఆ ఊళ్ల సంగతి చెప్పండి.

చివరగా ఒక జాగ్రత్త. తేనెపిట్ట పిల్లలు ఎగిరిపోయిన మర్నాడే గూడు తీసేయవద్దు. కొన్ని రోజులు తండ్రి వాటికి మేత పెడుతూనే ఉంటుంది. ఈ పిట్ట ఏడాదిలో ఒకటికి మించి ఈతలు పెడుతుంది, అదే గూడును మళ్లీ వాడుకోవడమూ ఉంది. నాలుగైదు రోజులు గమనించి, ఆడపిట్ట లోపలికి దూది మోయడం కనబడకపోతే వసారా ఖాళీ అయినట్టే, అప్పుడు రంగులవాళ్లను పిలిపించండి. ఒకవేళ మోస్తూ కనిపిస్తే, గుడ్డు పెట్టకముందే ఆ ఒకటి రెండు రోజుల్లో వసారా పని మొదలుపెట్టించండి. ఆ దశలో అది నష్టం లేకుండా వేరే చోటు వెతుక్కోగలదు, గుడ్డు పెట్టాక బెదిరి వదిలేస్తే ఆ గుడ్లు పోతాయి.